కాక కట్టిన బ్రేకు

మా ఊళ్ళో కాలిన వాసన వస్తే ఎవరూ తల తిప్పి చూడరు. రాకపోతే మాత్రం బయటికి వచ్చి, ఏమైందని పక్కింటివాళ్ళను అడుగుతారు. డెబ్బైల మొదట్లో గోదావరిఖనిలో ప్రతి క్వార్టరు ముందూ తెల్లవారగానే ఒక బొగ్గుల పొయ్యి రాజుకునేది. బొగ్గు కంపెనీది, గోడ కంపెనీది, పొగ ఒక్కటే మా స్వంతం. పాలవాడు ఆ పొగలోంచి వచ్చేవాడు, ఫస్టు షిఫ్టువాళ్ళు ఆ పొగలోకి వెళ్ళిపోయేవాళ్ళు. అలాంటి ఊరి మనుషులు ముగ్గురు ఒక కారులో కూర్చుంటే, కాలుతున్నది ఆ కారేనని కనిపెట్టడానికి ఎంత దూరం పడుతుంది? దాదాపు పదహారు మైళ్ళు పడుతుంది. మేము ప్రయాణం చేసి తెలుసుకున్నాం.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. కంపెనీ వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్ని. చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టరు ఉండేది. పెళ్ళిళ్ళకు కూడా దాంతోనే వెళ్ళేవాణ్ణి, ఫొటోలో పెన్నులా పడుతుందని. డ్రైవింగు లైసెన్సు వచ్చి నాలుగు నెలలు. కారు లేదు. లైసెన్సు ఉండి కారు లేనివాడు, కారు ఉన్నవాళ్ళందరి ఫ్యాన్లూ మోటార్లూ ఉచితంగా బాగుచేస్తూ ఉంటాడు.

ఆ కారు అవసరం నాది కాదు, అక్కది. అక్క టీచరు ట్రైనింగు పూర్తిచేసి, ఉద్యోగం రాక, క్వార్టరు వరండాలో కాలనీ పిల్లలకు లెక్కలు చెబుతుండేది. అంతకుముందు ఏడాది కరీంనగర్‌లో ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. బస్సు సుల్తానాబాద్ దగ్గర ఆగిపోయింది. ఇంకో బస్సు పట్టుకుని ఈమె ఆఫీసు చేరేసరికి పదకొండు. "పదింటికే రిజిస్టరు మూసినమమ్మా, వచ్చే ఏడు రా" అన్నాడట గుమస్తా. ఆ వచ్చే ఏడు ఇప్పుడు వచ్చింది. ఇది కూడా తప్పితే వయసు దాటిపోతుంది, ఇక పిలుపనేదే రాదు. అక్క దాని గురించి ఏడవలేదు, మాట్లాడలేదు. వరండా గోడ మీద, పిల్లల ఎక్కాల పక్కన, సుద్దముక్కతో "ఉదయం పది గంటలు" అని రాసుకుంది, అంతే. పిల్లలు అది కూడా ఒక ఎక్కమే అనుకుని వారం రోజులు గట్టిగా వల్లించారు.

కారు మా గని క్యాంటీను నడిపే కంట్రాక్టరుది. అతని పిండి రుబ్బే మోటారుకు నేను రెండుసార్లు ప్రాణం పోశాను గనుక, అడగ్గానే ఇచ్చాడు. తాళం చెవితో పాటు జాగ్రత్తలు కూడా ఇచ్చాడు.

"తమ్మీ, హారను మోగాలంటె ఈ రెండు వైర్లు ముట్టియ్యాలె. వెనక ఎడమ తలుపు తెరవకు, తెరిస్తె మూసుకోదు. ఇగ హ్యాండు బ్రేకు సంగతి ఫికర్ చెయ్యకు."

"ఎందుకు చెయ్యొద్దన్నా?"

"లేదు గనక. తాడు తెగి మూడేండ్లాయె. డిక్కీల రాయి ఉన్నది, ఆపినప్పుడల్ల చక్రం కింద పెట్టు. మంచి రాయి. పారెయ్యకు."

నాకు నవ్వొచ్చింది. నా పక్కన నిలబడ్డ కాకకు రాలేదు.

కాక అంటే మా నాన్న తమ్ముడు, మాతోనే ఉండేవాడు. గనిలో ఆయనది హాలేజీ మీద పని. భూమి లోపలి వాలులో బొగ్గు టబ్బులను ఇనుప తాడు కట్టి ఇంజనుతో పైకి లాగుతారు, ఆ తాడు బాగోగులు ఆయనవి. తెగిన తాడును తీగ తీగ విడదీసి మళ్ళీ అల్లి అతికించడంలో ఆయనకు సాటి లేరని గనిలో అందరూ చెప్పుకునేవారు. ఎవరైనా చెప్పుకోకపోతే ఆయనే చెప్పుకునేవాడు. వాలులో ఆపిన టబ్బుకు అడ్డం లేకపోతే ఏమవుతుందో ఒకసారి కళ్ళారా చూశాడు. అది మాత్రం ఎన్నడూ చెప్పలేదు. మా ఇంట్లో సైకిలుకు స్టాండు వేసిన తర్వాత కూడా చక్రం కింద ఇటుక పెట్టేవాడు.

"బ్రేకు లేని బండ్ల బిడ్డను ఎక్కియ్యాల్నారా?" అన్నాడు దారిలో.

"నడిచేటప్పుడు ఆపే బ్రేకు ఉన్నది కాకా. ఆపినంక నిలబెట్టేదే లేదు."

"నిలబడుడు రాని బండి నడుసుడు ఎట్ల నమ్ముతవు?"

నేను ఆ ప్రశ్నను దారిలోనే వదిలేశాను.

మరునాడు పొద్దున నేను లేచేసరికి కాక కాళ్ళు రెండూ కారు కింద నుంచి బయటికి ఉన్నాయి.

"ఏం జేస్తున్నవ్ కాకా?"

"ఏం లే. నట్లు సూస్తున్న."

కాసేపటికి దుమ్ముతో బయటికొచ్చి, కారులో తలదూర్చి ఏదో లాగి, కారు వెనక్కి వచ్చి భుజం ఆనించి నెట్టాడు. అది కదల్లేదు. కదలనందుకు ఆయన ముసిముసిగా నవ్వుకున్నాడు. మళ్ళీ లోపలికి వంగి ఏదో తోశాడు. ముసలివాళ్ళు కారుకు కూడా దండం పెడతారు కాబోలు అనుకున్నాను. కళ్ళు అందరూ తెరుచుకునే ఉంటారు, కానీ అందరూ చూడరు.

అమ్మ నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. కాక ముందు సీట్లో నా పక్కన, అక్క వెనక సీట్లో సర్టిఫికెట్ల ఫైలుతో, టిఫిను డబ్బాతో. ఎక్కేముందు కాక నడుముకు ఎప్పుడూ ఉండే ఇనుప మేకును చూసింది అక్క. తాడు పురులు విడదీసే మేకు అది, జానెడు పొడవు.

"కాకా, గది తీసి ఇంట్ల పెట్టు. మనం పోయేది ఇంటర్వ్యూకు, గనికి కాదు."

కాక నీళ్ళు నమిలి, మేకును అమ్మ చేతికిచ్చాడు.

గేరు వేసి వదిలాను. కారు మూలిగింది. నిమ్మకాయ దాకా వచ్చి, నిమ్మకాయను చూసి ఆగిపోయింది. అమ్మ ముఖం పాలిపోయింది. చుట్టుపక్కల క్వార్టర్లవాళ్ళు పొయ్యిలు వదిలి వచ్చారు.

"కాయలు పచ్చియే అమ్మా, గట్టిగున్నయి," అన్నాను. ఇంకోసారి, కాలు బలంగా తొక్కి వదిలితే నాలుగూ ఒక్కసారే చితికాయి. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఒక నిమ్మకాయను దాటడానికి అంత పెట్రోలు ఎందుకు పట్టిందని అప్పుడు ఆలోచించవలసినవాణ్ణి నేనే.

ఏడింటికి బయలుదేరాం. రెండు గంటల దారికి మూడు గంటలు చేతిలో ఉన్నాయి. రామగుండం దాటేటప్పుడు మొదటిసారి వాసన వచ్చింది. స్టేషనులో ఇంజను పొగ అనుకున్నాం. బసంత్‌నగర్ దగ్గర ఇంకా ఎక్కువైంది. అక్కడ సిమెంటు ఫ్యాక్టరీ చిమ్నీలున్నాయి, నేరం వాటి మీద వేశాం. తర్వాత రెండు వైపులా వరి మళ్ళు, మధ్యలో కొంగలు. వాసన మాత్రం అట్లాగే ఉంది. ఇక కొంగల మీద వెయ్యడానికి మనసొప్పలేదు.

"తమ్మీ," అంది అక్క వెనక నుంచి, "ఇది మనదే."

కారు ఆపి బానెటు ఎత్తాను. కాక దిగి, రాయి కోసం డిక్కీ వైపు వెళ్ళబోయి, ఎందుకో మానేసి, ఉత్తచేతుల్తో తిరిగొచ్చాడు. నీళ్ళు ఉన్నాయి, నూనె ఉంది, బెల్టు ఉంది. ఇంజను ఎంత అమాయకంగా ఉందంటే, అనుమానించినందుకు నాకే సిగ్గేసింది. మళ్ళీ బయలుదేరాం. వాసన కూడా మాతో బయలుదేరింది. కారు గంటకు పన్నెండు మైళ్ళు దాటి పోవడం లేదు.

ఎలక్ట్రీషియనుకు లోకంలో ఏ కష్టమైనా వైరింగు వల్లే వస్తుంది. "హారను వైర్లే. కరిగిపోతున్నయి," అని తీర్పు చెప్పి, ఇంకోసారి ఆపి, హారను వైర్లను రెండింటినీ మొదటికంటా కోసేశాను. టేపు చుట్టాను. చేతులు దులుపుకున్నాను. అర మైలు పోయాక వాసన అట్లాగే ఉంది, హారను మాత్రం లేదు.

"గొంతు పోయింది గని రోగం పోలే," అంది అక్క. "గంట ఎంతాయె?"

ఎనిమిదీ నలభై. పెద్దపల్లి ఇంకా రాలేదు. అక్క గొంతులో మార్పేమీ లేదు. ఫైలును ఒళ్ళోంచి గుండెల మీదికి తీసుకుంది, అద్దంలో చూశాను.

అప్పుడు కాక కళ్ళు మూసుకుని ముక్కు పైకెత్తాడు. ఇది నవ్వే విషయం కాదు. గనిలో బొగ్గు తనంతట తాను వేడెక్కుతుంది. మంట కనపడకముందే వాసనతో పసిగట్టిన మనుషుల వల్లే మిగతావాళ్ళు ఇళ్ళకు వస్తారు. మా కాక ముక్కుకు గనిలో ఆఫీసర్లు కూడా దారిచ్చేవారు.

"బొగ్గు కాదు," అన్నాడు. "బొగ్గు ఏడెక్కితె గాసునూనె వాసనుంటది. వైరు కాదు. రబ్బరూ కాదు. ఇది..."

ఆగిపోయాడు.

"ఇది?" అన్నాను.

"ఏం లే."

"ఏం లేదంటె ఎట్ల కాకా? బండి కాలుతుంటె!"

"హాలేజీ ఇంజను కాడ డ్రమ్ము మీద బ్రేకు చెక్క ఒరుసుకుంటె గిట్లనే వస్తది," అన్నాడు మెల్లగా. అని, కిటికీ బయటికి తిరిగి కూర్చున్నాడు. మా కాక మాట్లాడకపోవడం మా ఇంట్లో సైరను కంటే పెద్ద సూచన. కానీ నాకు ఇంకా వెలగలేదు. ఈ కారుకు నిలబెట్టే బ్రేకే లేదని కంట్రాక్టరు చెప్పాడు కదా.

అక్కకు మాత్రం వరండాలో లెక్కలు చెప్పిన అలవాటు. "తమ్మీ, ఒక్కటి చెప్పు. నడుస్తుంటె వాసన ఎక్కువున్నదా, ఆపినప్పుడా?"

"ఆపినప్పుడు."

"ఇంజనుదైతె నడిచేటప్పుడు గాలికి మన ముఖానికి కొట్టాలె. ఆపినంక వచ్చి కలుస్తున్నదంటె మన వెనకాల వస్తున్నది. ఆపు."

ఆపాను. అక్క దిగి, తాగే నీళ్ళ సీసా తీసి, అరచేతిలో పోసుకుని ముందు చక్రం నడిమి భాగం మీద చల్లింది. నీళ్ళు జారిపోయాయి. రెండో వైపు ముందు చక్రం, అదీ అంతే. వెనక చక్రం మీద చల్లింది.

చుయ్‌మంది.

రెండో వెనక చక్రం కూడా చుయ్‌మంది. పొగ లేచింది. మేమిద్దరం ఒక్కసారే కాక వైపు చూశాం. కాక మా ఇద్దరినీ తప్పించి కొంగల వైపు చూశాడు.

"కాకా," అంది అక్క, "పొద్దున కారు కింద నట్లే సూసినవా?"

"తాడు అతికించిన," అన్నాడు. దొంగతనం ఒప్పుకుంటున్నట్టు మొదలుపెట్టి, రెండో మాటకే మేస్త్రీ అయిపోయాడు. "మూడేండ్ల కింద తెగిన తాడు. తుప్పు. అయినా అల్లిన. ఏనుగు గుంజినా ఊడది. లాగి సూసిన, బండి కదల్లే. మల్ల వదిలిన గూడ."

డ్యాష్‌బోర్డు కింద గొడుగు పిడిలా వంగిన హ్యాండు బ్రేకు కమ్మి లోపలికే ఉంది, నిజమే. కారు కిందికి దూరి చూస్తే సంగతి తెలిసింది. కాక అల్లిక హాలేజీ తాడుకు తగ్గట్టు బొటనవేలంత లావుగా ఉంది. లాగినప్పుడు అది ఒక ఇనుప రింగులోంచి ముందుకు వచ్చేసింది. వదిలినప్పుడు వెనక్కి పోలేక రింగు ముందు ఇరుక్కుంది. పిడి వదిలింది, తాడు వదల్లేదు. మూడేళ్ళుగా ఎవరూ బాగుచెయ్యని బ్రేకును మా కాక ఒక్క పొద్దున బాగుచేశాడు, అదీ ఎంత బాగా అంటే, మేము ఇంటి దగ్గర నుంచీ దాన్ని వేసుకునే వస్తున్నాం. అమ్మ నిమ్మకాయల పరువు నిలబడింది.

"కోసేద్దాం," అన్నాను.

"నా అల్లికనా?"

"కాదు కాకా, నా పీక."

"కోస్తె తాడు కొస ఎగిరి చక్రం డ్రమ్ముల చిక్కుతది. అప్పుడు ఇగ ఈన్నే సంసారం పెట్టుకోవాలె. పురి ఇప్పాలె. మేకుంటె రెండు నిమిషాల పని," అని అక్క వైపు చూశాడు.

ఈసారి కొంగల వైపు చూడడం అక్క వంతైంది. మేకు ఇంట్లో వదిలిపెట్టమన్నది తనే. నేను జేబులోంచి టెస్టరు తీసి కాకకు ఇచ్చాను. ఆ పొద్దున నా వృత్తి లోకానికి చేసిన మేలు అదొక్కటే.

నేను సీసా నీళ్ళు వెనక చక్రాల డ్రమ్ముల మీద పోయబోతే కాక కేకేశాడు. "ఎర్రగైన ఇనుము మీద నీళ్ళు పోస్తవా? పగులుతది! నీ వైర్లు నువ్వు సూసుకో." వెల్లకిలా కారు కిందికి దూరాడు. ఒక చేత్తో టెస్టరు దూర్చి పురి విప్పుతుంటే, విప్పిన తీగ మళ్ళీ చుట్టుకుపోతోంది. రెండో మనిషి పట్టుకోవాలి. నేను దూరబోయాను. నా భుజాలు పట్టలేదు.

"జరుగు," అంది అక్క.

గంజి పెట్టిన తెల్ల చీర. ఇంటర్వ్యూ కోసం వారం కింద ఇస్త్రీ చేయించింది. కొంగు నడుముకు చుట్టి, నేల మీద నేను పరిచిన తువ్వాల మీద పడుకుని లోపలికి జరిగింది. చిన్నప్పుడు వరండాలో కాక తాడు అల్లడం నేర్చుకుంటుంటే ఎదురు కొస పట్టుకుని కూర్చున్నది ఈమేనట. ఆ సంగతి నాకు ఆ రోజు కారు కింద నుంచి వినిపించింది.

"గట్టిగ పట్టు బిడ్డా. నీ దిక్కు తిప్పు."

"తిప్పిన. జల్ది కానీ కాకా."

"జల్ది అంటె తాడు వినది. ఇంకొకటి. ఆఁ... ఇంకొకటి. వదులు!"

ఠప్‌మని చప్పుడు. తాడు సన్నబడి రింగులోంచి వెనక్కి జారింది. కారు ఒక్క జానెడు ముందుకు కదిలి, డిక్కీ రాయికి తగిలి ఆగింది. ఆ రాయిని మాత్రం నేనే పెట్టాను, ఈ కథలో నా రెండో ఉపకారంగా దయచేసి లెక్కవేసుకోండి. మొదటి ఆపుకు ఎందుకు పెట్టలేదని కాకను అడిగితే, "బ్రేకు ఉండంగ రాయెందుకనుకున్న" అన్నాడు.

డ్రమ్ములు చల్లారడానికి ఇంకో పావుగంట. అక్క ఆ పావుగంటా రోడ్డు పక్క మైలురాయి మీద కూర్చుంది. అది చెప్పే దూరాన్ని చీరతో కప్పేసింది. తొమ్మిదీ పదికి బయలుదేరాం.

అప్పుడు తెలిసింది ఆ కారు ఎట్లా పోగలదో. బ్రేకు వదిలిన కారు, తాడు విప్పిన లేగదూడలా ఉరికింది. పెద్దపల్లి వచ్చింది, పోయింది. సుల్తానాబాద్‌లో, పోయిన ఏడు బస్సు ఆగిన చోట, అక్క కిటికీలోంచి, అప్పుడు తను నిలబడ్డ చెట్టు వైపు ఒక చూపు చూసింది. వాసన పూర్తిగా పోయింది. మా ముగ్గురికీ మొదటిసారి గడ్డి వాసన తగిలింది, ఇదేం వాసనరా అని కాక అడిగాడు కూడా.

కరీంనగర్ బజారు చేరేసరికి పదికి పది నిమిషాలు తక్కువ. ఎడ్లబండ్లు, రిక్షాలు, అడ్డం తిరిగిన బర్రెలు. నేను హారను వైర్ల కోసం చెయ్యి చాపాను. అవి లేనిది నా పుణ్యమే కదా. కాక తలా భుజాలూ కిటికీలోంచి బయట పెట్టి, గని లోపల టబ్బులు వస్తున్నప్పుడు అరిచే అరుపు మొదలుపెట్టాడు. "జరగుండ్రి! జరగుండ్రి! బండొస్తంది! కింద పడుతరు!" ఆ గొంతు భూమి లోపల అర మైలు దూరం వినపడడానికి తయారైనది. బజారు రెండుగా చీలిపోయింది. బర్రెలు కూడా చదువుకున్నవాళ్ళలా పక్కకు జరిగాయి. ఒక పోలీసు సెల్యూటు చేశాడు, ఎవరికో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆఫీసు మెట్లెక్కేసరికి పదికి మూడు నిమిషాలు తక్కువ. అదే గుమస్తా, అదే రిజిస్టరు. అక్క చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. వీపు మీద తువ్వాల గళ్ళు అచ్చుపడ్డాయి.

"పోయినేడు వచ్చిన అమ్మవు గదా?"

"అవునన్నా. ఈ యేడు ముందే వచ్చిన."

సంతకం పక్కన బొటనవేలి ముద్ర కూడా పడింది, అడగకపోయినా.

ఆమె లోపల ఉన్నంతసేపూ కాక కారు కిందే ఉన్నాడు. ఆఫీసు పక్క సైకిలు షాపులో మేకు లాంటిది ఒకటి అడిగి తెచ్చుకుని, అదే తాడును ఈసారి పొడవుగా, సన్నగా అల్లాడు. లాగాడు, వదిలాడు, లాగాడు, వదిలాడు. ప్రతిసారీ నన్ను పిలిచి నెట్టమన్నాడు. అక్క బయటికి వచ్చేసరికి నేను పదకొండోసారి నెడుతున్నాను.

"ఏమడిగిన్రక్కా?"

"చేతులకు ఆ నలుపేందని అడిగిన్రు."

"నువ్వేమన్నవ్?"

"ఉన్నది చెప్పిన. బ్రేకని ఎట్ల తెలిసిందని అడిగితె వాసన సంగతి, నీళ్ళ సంగతి చెప్పిన. ఇదే ఐదో తరగతి పిల్లలకు ఎట్ల చెప్తవన్నరు. చెప్పిన. ఒక పెద్దమనిషి అయితె టీ తాగుడు ఆపి విన్నడు." కొంచెం ఆగి, "తర్వాత జిల్లాల తాలూకాలెన్ని అని అడిగిన్రు. ఒకటి తక్కువ చెప్పిన," అంది.

కాక కారు కింద నుంచే అడిగాడు, "అల్లిందెవరో చెప్పినవా?"

"చెప్పిన కాకా."

"ఇరుక్కున్న సంగతి?"

"అదీ చెప్పిన."

"అది చెప్పకున్నా నడుస్తుండె," అన్నాడు.

కారు తిరిగి ఇచ్చినప్పుడు హ్యాండు బ్రేకు పనిచేస్తోందని కంట్రాక్టరుకు కాకే చూపించాడు. నలభై రోజుల తర్వాత ఒక పొద్దున అతను మా క్వార్టరు ముందు కారు ఆపి దిగాడు. నా మీద మండిపడుతూనే దిగాడు.

"తమ్మీ, హారను వైర్లు కోసినవు, సరే. ఇప్పుడు కారంత మాడు వాసన. నీ వైరింగే!"

లోపల అక్క తలుపు పక్కన నిలబడి, అప్పుడే పోస్టులో వచ్చిన కాగితాన్ని మూడోసారి చదువుతోంది. మంథని దిక్కు ఒక ఊరి బడి, సోమవారం చేరాలి. అమ్మ అప్పటికే ఏడుపు మొదలుపెట్టి, బొగ్గు పొగ అని సాకు చెబుతోంది. అక్క కాగితాన్ని మడిచి నా చేతికిచ్చి, కడవలోంచి చేతినిండా నీళ్ళు తీసుకుని బయటికి వచ్చింది. వెనక చక్రం మీద చల్లింది.

చుయ్‌మంది.

"నలుగురి ముందు బ్రేకు లాగి చూపెడుతున్నవట గదా అన్నా," అంది. "చూపెట్టు, మంచిదే. నడిపేటప్పుడు వదులు."

వరండాలో లెక్కలకు కూర్చున్న పిల్లలందరూ ఆ మాటను ఒకే గొంతుతో వల్లించారు. కంట్రాక్టరు నీళ్ళు కారుతున్న చక్రాన్ని, అక్కను, పిల్లలను చూసి, లోపలికి వంగి పిడి తోశాడు. కారు తేలిగ్గా ముందుకు జరిగింది.

కాక మాత్రం పరుగెత్తుకుంటూ వచ్చి, కారు కిందికి తల వంచి చూశాడు. లేచి నిలబడి మా అందరినీ చూశాడు.

"అల్లిక ఊడలే," అన్నాడు.